పాత విద్యుత్ గిటారు: నాడీ పరీక్ష

ఇంట్లో పాత రేడియో ఉన్నవారికి ఒక అనుభవం తప్పక ఉంటుంది. వాల్యూమ్ గుబ్బ త్రిప్పగానే గరగరమని చప్పుడు వస్తుంది. నాలుగైదు మారులు అటూ ఇటూ త్రిప్పితే ఆ గరగర అణగిపోయి, కొన్నాళ్ళకు మరల తలయెత్తుతుంది. ఆ గుబ్బ వెనుక ఏమి జరుగుతున్నదో తెలిసినవారికి పాత విద్యుత్ గిటారు కడుపులో జరిగేది సగం తెలిసినట్లే. కనుక ఈ ప్రసంగం శ్రోతలకు కొత్త విద్య నేర్పదు. రేడియోతో అలవాటైన విద్యనే మరొక వాద్యంమీద ప్రయోగించి చూపుతుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో విద్యుత్ గిటారు ఎక్కడిదని కొందరు అడుగవచ్చును. పడమటి ప్రకాశం అనగానే నల్లమల అడవి, కంభం చెరువు, మార్కాపురం పలకలు జ్ఞప్తికి వస్తవి గాని గిటారు జ్ఞప్తికి రాదు. అయినను, రికార్డు పాటలు పెండ్లిపందిళ్ళను ఆక్రమించుకొనక ముందు, సినిమా పాటలు వినిపించే ఆర్కెస్ట్రా బృందాలకు మన ఊళ్ళలోనూ గిరాకీ ఉండేది. హార్మోనియం, డోలక్, తబలా, వాటి ప్రక్కన ఒక గిటారు. తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆ గిటారు మ్రోగేది. తరువాత బృందాలు చెదరినవి, వాద్యాలు అటకలెక్కినవి. ఇప్పుడు ఆ వాద్యకారుల మనుమలు వాటిని దించి, దుమ్ము దులిపి, యాంప్లిఫయరుకు తగిలించి చూస్తున్నారు. అది పలకదు. పలికినా పాటకంటె రొద ఎక్కువగా ఉంటుంది.

అప్పుడు చాలామందికి తోచే ఉపాయం ఒకటే: లోపలి సామగ్రి అంతా పీకివేసి కొత్తది వేయించడం. ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. పాత గిటారు నాదం దాని కొయ్యలో కొంత, తంత్రులలో కొంత ఉన్నా, మిగిలినదంతా ఆ పాత తీగెచుట్టలోనే ఉన్నది. అది చెడిపోవడం అరుదు. చెడేవి దాని చుట్టూ ఉన్న అతుకులు, స్పర్శలు, కదిలే భాగాలు. వైద్యుడు నాడి చూడకుండా శస్త్రచికిత్సకు పూనుకోడు గదా!

ఈ వాద్యం చరిత్ర పెద్దదేమీ కాదు. రికెన్‌బాకర్ పేరుతో ప్రసిద్ధమైన తొలి విద్యుత్ గిటారు అమెరికాలో 1932లో అమ్మకానికి వచ్చినది. ఒళ్ళో పెట్టుకొని ఉక్కుకడ్డీతో మీటే హవాయి గిటారు అది. చూడడానికి వేపుడు పెనంవలె ఉండేది. దాని ముద్దుపేరు కూడ అదే. ఫెండర్ సంస్థవారి గట్టికొయ్య గిటార్లు 1950 నుండి, గిబ్సన్ వారి లెస్‌పాల్ గిటారు 1952 నుండి వచ్చినవి. ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చినది. మన తెలుగునాట ఈ విద్యకు మహోన్నతస్థానం కల్పించినవారు గిటారిస్టు కారు, మాండొలిన్ విద్వాంసుడు. పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ మామూలు మాండొలిన్‌లోని నాలుగు జంట తంత్రులకు బదులు అయిదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, గమకానికి కావలసిన దీర్ఘనాదాన్ని దానినుండి రాబట్టినారు. 2014లో ఆయన మరణించేనాటికి విద్యుత్ తంత్రీవాద్యానికి కర్ణాటక సంగీత సభలో పీట పడినది. నేను చెప్పబోయేది అటువంటి వాద్యానికీ వర్తిస్తుంది.

ఇక లోపలి నిర్మాణం. తంత్రుల క్రింద ఉండే చిన్న పెట్టెను పికప్ అంటారు. దానిలో అయస్కాంతాలు, వాటి చుట్టూ ఎనామిల్ పూసిన రాగితీగె చుట్ట ఉంటవి. ఉక్కు తంత్రి కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది. ఆ కదలికవల్ల చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మైకువలె ఇది గాలిలోని శబ్దాన్ని పట్టదు, తంత్రి కదలికనే పట్టుతుంది. ఆ తీగె మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, తల వెండ్రుకంత సన్నం. ఒక్కొక్క పికప్‌లో ఏడెనిమిది వేల చుట్లు, కొన్నింటిలో పదివేలు. విప్పి పరిస్తే ఇంచుమించు ఒక కిలోమీటరు పొడవు వస్తుంది. బోరుబావి మోటార్లకు చుట్టలు చుట్టే నేర్పరులు మన ఊళ్ళలో కొందరున్నారు గాని, వారి తీగె దీని ముందు మోకుతాడు.

పికప్ నుండి విద్యుత్తు ఒక మీటకు పోతుంది. పికప్‌లు రెండు మూడున్నప్పుడు ఏది పలుకవలెనో ఆ మీట నిర్ణయిస్తుంది. అక్కడ నుండి వాల్యూమ్ కంట్రోల్‌కు, టోన్ కంట్రోల్‌కు, దాని వెంట ఉన్న ఒక చిన్న కండెన్సరుకు, చివరకు జాక్‌కు. ఇంతే. వాల్వు లేదు, ట్రాన్సిస్టరు లేదు, బ్యాటరీ లేదు. అయిదు వాల్వుల రేడియోను బాగుచేసిన మిస్త్రీకి ఇది పిల్లల ఆటవంటిది. పిల్లల ఆటలోనూ నియమాలున్నవి గనుక, వరుస తప్పకుండా చూడవలెను.

మొట్టమొదట అనుమానించవలసినది గిటారును కాదు, దానిని యాంప్లిఫయరుకు కలిపే కేబుల్‌ను. తొక్కుడుపడేది, మెలిపడేది అదే. మంచిదని తెలిసిన మరొక కేబుల్ పెట్టి చూడండి. తరువాత మరొక యాంప్లిఫయరుతో చూడండి. లోపం గిటారును వెంబడించి వస్తే అది గిటారుది; రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టెలో పెట్టివేయవచ్చును. రొద విషయంలో ఇంకొక సులువైన పరీక్ష ఉన్నది. గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అయినా గుంయ్‌మనే రొద ఆగకపోతే అది యాంప్లిఫయరు రొద. ఆగిపోతే అది గిటారు పట్టుకొని వస్తున్న రొద. రెండింటి శ్రుతి కూడ వేరు. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తులు. ట్యూబులైటు చోకులనుండి, ట్రాన్స్‌ఫార్మర్లనుండి పికప్ లాగుకొనే రొద ఆ శ్రుతిలోనూ, దానిపైన ఒక బుసబుసతోనూ ఉంటుంది. యాంప్లిఫయరులో వడపోత కండెన్సర్లు ముసలివైతే వచ్చే రొద సాధారణంగా 100 ఆవృత్తుల శ్రుతిలో, అనగా ఒక స్థాయి పైన ఉంటుంది. సంగీతం తెలిసిన చెవికి ఈ తేడా మీటరు అక్కరలేకుండానే పట్టుబడుతుంది.

తంత్రులను చేతితో తాకినప్పుడు రొద తగ్గితే భయపడనక్కరలేదు. తంత్రులు వంతెన ద్వారా ఎర్త్ వైరుకు కలిసి ఉండవలెను. మన శరీరం పట్టిన రొద ఆ దారిన పోతున్నదని అర్థం. తాకినప్పుడు ఏ మార్పూ లేకపోతే వంతెన క్రింది వైరు తెగి ఉండవచ్చును. తాకినప్పుడు రొద పెరిగితే, ఎవరో పూర్వం జాక్‌కు వైర్లు తారుమారుగా అతికినారని అనుమానించవలెను.

లోపం గిటారుదేనని తేలిన తరువాత మూత విప్పుదాము. విప్పిన వెంటనే ఏ వైరు ఎక్కడికి పోతున్నదో, దాని రంగేమిటో గీసికొనండి. ఇందుకు మార్కాపురం పలకను మించిన సాధనం లేదు. తుడిచి మరల గీయవచ్చును, సోల్డరింగు కడ్డీ దానిమీద ఆనించినా మాడదు. పలకరాయికి విద్యుత్తుతో పాత చుట్టరికమే ఉన్నది. బేకలైటు వ్యాపించక ముందు పాశ్చాత్య దేశాలలో పెద్ద స్విచ్చిబోర్డుల పలకలను ఈ జాతి రాతితోను, చలువరాతితోను చేసేవారు. రాతిలో లోహపు చారలు లేకుండా ఏరుకొనేవారు, చారగుండా విద్యుత్తు కారుతుంది గనుక.

మొదట జాక్ చూడండి. పావు అంగుళం మందంగల ఈ ప్లగ్గు గిటారుకోసం పుట్టినది కాదు. చేతితో లైన్లు కలిపే పాత టెలిఫోను ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు వాడినది ఇదే. రోజుకు వందల మారులు పెట్టి తీయడానికి చేసిన వస్తువు గనుక బహు గట్టిది. అయినను దానిలోని స్ప్రింగు రేకు కాలక్రమాన బిగువు తప్పుతుంది. రేకు కొన నల్లబడుతుంది. రేకును వ్రేలితో కొద్దిగా లోపలికి వంచి, స్పర్శ తగిలే చోట శుభ్రం చేస్తే సగం జబ్బులు అక్కడే నయమవుతవి. జాక్ బిళ్ళ వదులై లోపల గిరగిర తిరుగుతూ వైర్లను మెలివేసి తెంపడం కూడ సర్వసాధారణం.

తరువాత వాల్యూమ్, టోన్ కంట్రోల్‌లు. గుబ్బ వెనుక గుఱ్ఱపు నాడా ఆకారంలో బొగ్గు పూసిన బాట ఉంటుంది. దానిమీద ఒక రేకు జారుతుంది. బాటపై దుమ్ము, చెమట ఆవిరి, కిలుము చేరితే రేకు ఎగిరెగిరి తగులుతుంది. అదే గరగర. పలకల ధూళి, ఎర్రమట్టి దుమ్ము కొరతలేని మన పట్టణాలలో ఈ జబ్బు త్వరగా వస్తుంది. ఎలక్ట్రానిక్ దుకాణాలలో దొరికే కాంటాక్ట్ క్లీనరును గుబ్బ వెనుక సందులో ఒక్క చిటికెడు చిమ్మి, ఈ కొన నుండి ఆ కొనకు పాతిక ముప్పది మారులు త్రిప్పవలెను. కొందరు కొబ్బరినూనె, కిరసనాయిలు వేస్తారు. ఆ పూట చప్పుడు తగ్గుతుంది. ఆరు నెలలకు ఆ జిడ్డులో దుమ్మంతా అంటుకొని బాట బురద అవుతుంది. శుభ్రం చేసినా ఒకే చోట మాత్రం గరగర నిలిచిపోతే అక్కడ బొగ్గు అరిగినదని తెలిసికొని, ఆ ఒక్క కంట్రోల్ మార్చవచ్చును. సామాన్యంగా ఒంటిచుట్ట పికప్‌లకు 250 కిలోఓములు, జంటచుట్ట పికప్‌లకు 500 కిలోఓములు. పెద్దది పెడితే ధ్వని పదునెక్కుతుంది, చిన్నది పెడితే మందగిస్తుంది. అందుచేత దొరికినదేదో తగిలించరాదు.

మార్చే ముందు పాత కంట్రోల్ వీపుమీది అంకెలు చదవండి. అమెరికా తయారీ అయితే మొదటి మూడంకెలు చేసినవారి గుర్తు, ఆపైవి సంవత్సరం, వారం. ఉదాహరణకు 137 తరువాత 6612 అని ఉంటే సి.టి.ఎస్. సంస్థవారు 1966వ సంవత్సరం పన్నెండవ వారంలో చేసినదని అర్థం. గిటారు అంతకు ముందుది కాజాలదు. జాతకచక్రంవంటి ఈ ముద్రను చెత్తబుట్టలో వేసినవారు తరువాత విచారించినా ప్రయోజనం ఉండదు.

మీటలో కూడ స్పర్శ బిందువులే చెడుతవి. పలుచని గట్టి కాగితానికి క్లీనరు పూసి రేకుల నడుమ లాగితే చాలును. గరుకుకాగితంతో రుద్దితే పైపూత పోయి, తుప్పు రెండింతలు త్వరగా పట్టుతుంది. స్ట్రాటోకాస్టర్ గిటారుకు 1977 వరకు మూడు స్థానాల మీటే ఉండేది. వాద్యకారులు దానిని రెండు స్థానాల నడుమ ఉపాయంగా నిలిపి రెండు పికప్‌లను ఒక్కసారి పలికించేవారు. తయారీదారులు తరువాత ఆ చమత్కారాన్నే అయిదు స్థానాల మీటగా చేసి అమ్మినారు. కాబట్టి మీట మధ్యలో ఆగినప్పుడు వింతధ్వని వస్తే అది జబ్బు కాదు.

టోన్ కండెన్సరు మాట ప్రత్యేకంగా చెప్పవలెను. మైనపు కాగితంతో చేసిన పాత కండెన్సరును చూడగానే రేడియో మిస్త్రీ చేయి దానిని కత్తిరించడానికే పోతుంది. రేడియోలో అది సరియైన అలవాటే. అక్కడ ఆ కండెన్సరు ఒక ప్రక్క వందల వోల్టులు మోస్తూ ఉంటుంది. అది కారితే తరువాతి వాల్వు గ్రిడ్డుమీద పడరాని వోల్టేజి పడి, వాల్వు ఎర్రగా కాలి, ట్రాన్స్‌ఫార్మరు కూడ పోతుంది. గిటారులో ఆ కండెన్సరుమీద పడేది వోల్టులో చిన్న భిన్నం మాత్రమే, అదీ తంత్రి మీటినప్పుడు. కొంచెం కారినా, విలువ కొంత మారినా ప్రమాదమేమీ లేదు. టోన్ గుబ్బ త్రిప్పినప్పుడు ధ్వని క్రమంగా మెత్తబడుతూ ఉంటే దానిని ఉన్నచోట ఉండనివ్వండి. ఒకే వస్తువు, ఒక ఇంట మృత్యువు, మరొక ఇంట సాధుజంతువు.

ఇప్పుడు పికప్. దానిని విప్పకుండానే నాడి చూడవచ్చును. కేబుల్ ఒక కొన గిటారులో పెట్టి, రెండవ కొనలోని ప్లగ్గుకు మల్టీమీటరు ఓముల స్థానంలో తగిలించండి. వాల్యూమ్ పూర్తిగా పెంచండి. 6 కిలోఓముల పికప్, 250 కిలోఓముల వాల్యూమ్ ప్రక్కప్రక్కన ఉన్నవి గనుక మీటరు ఇంచుమించు 5.9 చూపవలెను. సున్న చూపితే ఎక్కడో రెండు వైర్లు కలిసిపోయినవి. జాక్‌లోనో, తొడుగు వైరులోనో వెదకండి. ఏమీ చూపకపోతే దారి తెగినది. 250 కిలోఓముల దరిదాపుల్లో చూపితే వాల్యూమ్ కంట్రోల్ మాత్రమే కనిపిస్తున్నదన్నమాట: పికప్ చుట్ట తెగి ఉండవచ్చును, లేదా మీట తగలడం లేదు. చుట్ట తెగిన పికప్ ఒక్కొక్కప్పుడు పూర్తిగా మూగపోదు. తగరపు డబ్బామీద మీటినట్లు సన్నని, బలహీనమైన కీచుధ్వని వస్తుంది. ఆ ధ్వని విన్నవారు మీటరు తీయడం మంచిది.

ఇక్కడ మన ప్రాంతపు ఎండను లెక్కలోనికి తీసికొనవలెను. రాగితీగె నిరోధం వేడితోపాటు పెరుగుతుంది, డిగ్రీకి నూటికి దాదాపు 0.4 వంతున. పుస్తకాలలో ఉండే అంకెలు చల్లని గదులలో కొలిచినవి. 20 డిగ్రీలవద్ద 6 కిలోఓములు చూపే పికప్ మార్కాపురంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలవద్ద 6.5 చూపుతుంది. పికప్‌కు ఏదో అయినదని కంగారు పడనక్కరలేదు.

గిద్దలూరులో ఒక పెద్దాయన ఇంట అటువంటి గిటారును చూచాను. డెబ్బదియవ దశకంలో మద్రాసులో కొన్నదట. పట్నంలో ఒక దుకాణంవారు దానిని చూచి పికప్ కాలిపోయినదని, మొత్తం మార్చవలెనని చెప్పి పంపినారు. "కాలడానికి దాంట్లో నిప్పెక్కడిది సారూ?" అని ఆయన నన్నడిగినారు. చాలా న్యాయమైన ప్రశ్న. తాను పుట్టించే కొద్దిపాటి విద్యుత్తుతో పికప్ తనను తాను కాల్చుకోజాలదు. ప్లగ్గువద్ద మీటరు ఏమీ చూపలేదు. పికప్ కొసలవద్దనే పెట్టి చూడగా 6.4 కిలోఓములు నిక్షేపంగా ఉన్నవి. ఇక తెగినది ఈ రెంటి నడుమనే ఉండవలెను గదా! జాక్ వెనుక ఎర్త్ వైరు అతుకు పైకి బాగానే కనిపిస్తున్నది గాని, పుల్లతో కదిపితే కదులుతున్నది. పాత లెడ్డు లాగివేసి, తగరపు తళుకు వచ్చేవరకు గీకి, మరల అతికించడానికి పది నిమిషాలు పట్టినది. పెద్దాయన ఒక పాత పాట పల్లవి వాయించి, "దీనికోసమా నాయనా, ఇన్నేండ్లు అటకమీద పెట్టినాను!" అని నవ్వినారు. ఆయన పికప్ మార్పించి ఉంటే వాద్యం పలికేదే, కాని ఆ గొంతు ఉండేది కాదు.

నిజంగానే చుట్ట తెగినప్పుడు కూడ, తెగేది తరచుగా చుట్ట మొదలోనో చివరనో, సన్నతీగె బయటి వైరుకు అతుకబడే చోటనే. చేతి చెమటలోని ఉప్పు అక్కడ రాగిని తినివేస్తుంది. భూతద్దం, స్థిరమైన చేయి ఉన్నవారు ఆ ఒక్క కొసను అతికించి పికప్‌ను బ్రతికించవచ్చును. లోపల ఎక్కడో తెగితే మాత్రం తిరిగి చుట్టించడం తప్పదు. అది ఆ విద్యలో చేయి తిరిగినవారి పని. యాంప్లిఫయరు దగ్గర పికప్ ఈలవేస్తూ ఉంటే చుట్టలోని తీగెలు వదులై కంపిస్తున్నవని అర్థం. దానికి కరిగిన మైనంలో ముంచే చికిత్స ఉన్నది. నీళ్ళ గిన్నెలో మరొక గిన్నె పెట్టి, 65 డిగ్రీలు దాటకుండా వేడిచేయవలెను. పొయ్యిమీద నేరుగా పెట్టితే మైనం అంటుకొంటుంది. పికప్ ప్లాస్టిక్ కరుగుతుంది. ఇంకొకటి: పాత పికప్ ప్రక్కన పెద్ద స్పీకరు అయస్కాంతాన్ని ఆనించి పెట్టరాదు. దాని అయస్కాంతశక్తి తగ్గిపోతుంది.

ఇంతవరకు చెప్పిన దానిలో చేయి కాలడంకంటె పెద్ద ప్రమాదం లేదు. యాంప్లిఫయరు సంగతి అట్లా కాదు. వాల్వు యాంప్లిఫయరులో 300 నుండి 450 వోల్టుల వరకు ఉంటవి. స్విచ్చి ఆర్పి, ప్లగ్గు పీకిన తరువాత కూడ కండెన్సర్లలో అవి కొంతసేపు నిలిచే ఉంటవి. దాని మూతను తెలిసిన మిస్త్రీ తప్ప మరొకరు తీయరాదు.

మూత తీయకుండానే ప్రాణం తీయగల లోపం మరొకటి ఉన్నది. పాత అమెరికా యాంప్లిఫయర్లలో చాలవాటికి రెండు పుల్లల ప్లగ్గు మాత్రమే, ఎర్త్ లేదు. రొద తగ్గించడానికి మెయిన్సు వైరునుండి ఇనుప చట్రానికి ఒక కండెన్సరు వేసేవారు. అవి 117 వోల్టులకు, 60 ఆవృత్తులకు చేసినవి. మన 230 వోల్టులకు పెట్టవలెనంటే వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మరు కావలెను. అప్పుడైనా 50 ఆవృత్తులవద్ద వాటి సొంత ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వేడెక్కుతుంది. ఎవరైనా లోపల తంటాలు పడి మన మెయిన్సుకు మార్చి, ఆ కండెన్సరును మాత్రం అట్లాగే వదలివేస్తే, 0.05 మైక్రోఫారడ్ విలువకు దానిగుండా మూడున్నర మిల్లీయాంపియర్లకు పైగా కారుతుంది. చేయి జివ్వుమనడానికి అది చాలును. ఆ కండెన్సరే లోపల కలిసిపోతే మెయిన్సు మొత్తం చట్రంమీదికి వస్తుంది. చట్రం నుండి కేబుల్‌కు, కేబుల్ నుండి వంతెనకు, వంతెన నుండి తంత్రులకు. వాద్యకారుడి చేయి తంత్రులమీద ఉన్నది, పెదవి మైకుకు తగులుతున్నది. ఒకటి ఎర్త్ అయి మరొకటి కాకపోతే నడుమ నిలిచేది అతడే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్‌సీ నగరంలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు ఒక చేత తంత్రులు పట్టుకొని ఎర్త్ సరిగాలేని మైకును ముట్టుకొని, వేదికమీదనే ప్రాణం విడిచినాడు.

కనుక పాత యాంప్లిఫయరుకు చేయించవలసిన మొదటి మరమ్మత్తు మూడు పుల్లల ప్లగ్గు వేయించి, చట్రాన్ని ఎర్త్‌కు కలిపి, ఆ కండెన్సరును తీయించివేయడం. ఇందాక పాత భాగాలు మార్చవద్దన్నాను. ఈ ఒక్కదానికి ఆ మాట వర్తించదు.

మూడవ పుల్ల ఉన్నంతమాత్రాన ఎర్త్ ఉన్నట్లు కాదు. పడమటి ప్రకాశంలో నేల రాతినేల, వాన తక్కువ. ఎండాకాలంలో ఎండిన రాతినేల విద్యుత్తును సులభంగా పోనివ్వదు. ఎర్త్ గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, వేసవిలో దానికి నీరు పోస్తూ ఉండవలెను. తులసికోటకు పోసినట్లు రోజూ ఒక చెంబెడు పోసినా మంచిదే. పందిట్లో కచ్చేరీలకు తాత్కాలికంగా లైనునుండి వైరు తగిలించి కరెంటు వాడుకొనే అలవాటు మానుకొని, సరియైన కనెక్షను, దానికి 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించవలెను. విద్యుత్తు దారి తప్పి మనిషిగుండా పోయినప్పుడు అది రెప్పపాటులో సరఫరాను త్రెంచుతుంది. మైకు యాంప్లిఫయరునూ గిటారు యాంప్లిఫయరునూ ఒకే బోర్డునుండి, ఒకే ఎర్త్‌తో నడుపవలెను.

ఏండ్ల తరబడి వాడని యాంప్లిఫయరును ఒక్కసారిగా మెయిన్సుకు తగిలించరాదు. లోపలి వడపోత కండెన్సర్లు ఎండిపోయి, పొర చెడి ఉంటవి. మన రేడియో మిస్త్రీలు తరతరాలుగా వాడుతున్న సిరీస్ బల్బే దీనికి మంచి ఉపాయం. అరువది లేదా నూరు వాట్ల ఫిలమెంటు బల్బును యాంప్లిఫయరుతో వరుసగా కలిపి స్విచ్చి వేస్తారు, ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి సన్నగిల్లితే లోపల పెద్ద షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూ నిలిచిపోతే వెంటనే ఆర్పివేసి, కారణం దొరికేవరకు ముందుకు పోరాదు. బల్బు సన్నగిల్లిన తరువాతనే వడపోత కండెన్సర్లను కొలిచి, కావలసినవి మార్చి, ఆపైన నేరుగా కలుపుతారు.

తీసివేసిన భాగాలు కాలిపోయిన కండెన్సరైనా సరే, అరిగిన కంట్రోల్ అయినా సరే, ఒక పొట్లం కట్టి, తేదీ వ్రాసి, గిటారు పెట్టె అరలో పెట్టించుకొనండి. పలకమీద గీసిన వైర్ల చిత్రాన్ని తుడిచే ముందు కాగితంమీదికి ఎక్కించి, దానినీ ఆ పొట్లంలోనే ఉంచండి. ఆ గిటారును మరల విప్పేవారికి మొదట కావలసినది అదే.